రొసేసియా ముఖానికి పట్టు గలీబు అవసరమా?

మల్లెపందిరి: నాకు రొసేసియా ఉంది. బుగ్గలు, ముక్కు ఎర్రబడి మండుతుంటాయి. దిండుకు నూలు గలీబు తీసేసి మల్బరీ పట్టుది వేయమంటున్నారు. అంత డబ్బు పెట్టొచ్చా?

గోదారిగట్టు: పెట్టండి. రాత్రి రాసుకున్న క్రీమును నూలు పీల్చేస్తుంది. పట్టు నున్నగా ఉంటుంది, పక్కకు తిరిగినా చెంప ఒరుసుకోదు. అసలే మండే చర్మానికి ఆ రాపిడి చాలు.

వేపకొమ్మ: రాపిడి సంగతి నిజమే. కానీ పట్టు వేస్తే జబ్బు తగ్గుతుందనడానికి ఆధారమేదండీ? బ్రిటన్‌లో ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఉన్న 300 మంది పిల్లలతో చేసిన క్లోత్స్ ట్రయల్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. మామూలు చికిత్సకు తోడు ప్రత్యేకంగా తయారుచేసిన పట్టు బట్టలు తొడిగినా అదనపు మేలేమీ కనబడలేదు. అది ఒంటి బట్టల మాట, జబ్బూ వేరు. అయినా జనం చేత వేలు ఖర్చుపెట్టించే ముందు ఆలోచించాలి కదా.

నన్నడిగితే బట్ట కంటే ఉతుకు ముఖ్యం. మన ఇళ్లలో గలీబు ఒకసారి చూడండి. తల ఆనే చోట కొబ్బరినూనె మరక పసుపుపచ్చగా దిగి ఉంటుంది, రాత్రంతా చెంప దానిమీదే. కొందరు గంజి కూడా పెడతారు, అంచు కుట్టు బిరుసెక్కి బుగ్గకు గుచ్చుకుంటుంది. గంజి మానేయండి, సెంటు వాసన వచ్చే సబ్బుపొడి మానేయండి, నురగ పోయేదాకా జాడించండి. ముడతలు పడని బట్ట అని అమ్మేవాటికి ఫార్మాల్డిహైడ్ రెసిన్ అనే రసాయనపు పూత ఉండొచ్చు, అది పడనివాళ్లకు దద్దుర్లు వస్తాయి. మెత్తబడ్డ పాత మామూలు నూలు గలీబుకు ఆ బెడద తక్కువ.

మల్లెపందిరి: ఆన్‌లైన్‌లో సాటిన్‌వి చవగ్గా ఉన్నాయి, అవైతే?

వేపకొమ్మ: వాటిలో చాలావరకు పాలిస్టరే. చెమట పీల్చదు, ఉక్కపోస్తుంది. రొసేసియాకు వేడి అసలే పడదు.

గోదారిగట్టు: ఉతుకు విషయం ఒప్పుకుంటాను. కానీ శుభ్రంగా ఉతికిన పట్టు, శుభ్రంగా ఉతికిన నూలు పక్కపక్కన పెడితే పట్టే నున్నన. బోర్లా పడుకునేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

వేపకొమ్మ: హాయిగా అనిపిస్తే వాడుకోవచ్చు, మందు అనుకోవద్దంటున్నా. మల్లెపందిరి గారూ, ఇంతకీ ముఖానికి ఏం రాస్తున్నారు? మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ముఖానికి చాలాకాలం రాస్తే అచ్చం రొసేసియాలాగే ఎర్రబడుతుంది, మానగానే మంట ఇంకా పెరుగుతుంది. అలా ఉంటే గలీబు సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు పట్టుకుని చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి.