‘ఒకనికొకడు లోబడియుండుడి’: ఇద్దరూ ఒకేసారి ఎలా లోబడతారు?

ప్రశ్న:
ఎఫెసీయులకు రాసిన పత్రిక 5:21లో ‘క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి’ అని ఉంది. ఒకరినొకరు ప్రేమించుకోవచ్చు, పలకరించుకోవచ్చు, అందులో చిక్కేమీ లేదు. లోబడటం అలాంటిది కాదు కదా! నేను మీకు లోబడితే మీరు పైన, నేను కింద. అప్పుడు మీరు నాకు లోబడటం ఎలా కుదురుతుంది? సభ్యులు వివరించగలరు.

జవాబు:
మంచి చోట పట్టుకున్నారండీ. ముందు ఆ వాక్యం ఎక్కడ మొదలైందో చూద్దాం. 21వ వచనాన్ని విడిగా చదవడం మనకు అలవాటు గానీ, తెలుగు బైబిల్లో ఆ వాక్యం 19 నుంచి నడుస్తోంది. కీర్తనలతో ‘హెచ్చరించుచు’, ప్రభువును గూర్చి ‘పాడుచు కీర్తించుచు’, కృతజ్ఞతాస్తుతులు ‘చెల్లించుచు’... అన్నీ అసమాపక క్రియలే. ఎంతసేపు పాడినా వాక్యం ముగియదు. ముగించే క్రియ ‘లోబడియుండుడి’ ఒక్కటే. పాటల దగ్గరే ఆగిపోయిన సంఘం వాక్యాన్ని సగంలో వదిలేసినట్టే! (గ్రీకు మూలంలో ఇది కూడా అసమాపకమే. అక్కడ ఈ వరుసంతా 18వ వచనంలోని ‘ఆత్మ పూర్ణులైయుండుడి’ మీద ఆధారపడి ఉంటుంది. తెలుగులో వాక్యం ఎక్కడో ఒకచోట ముగియాలి కాబట్టి ఇక్కడ ముగిసింది.)

ఇక మీ చిక్కు. ‘లోబడు’, ‘లోపరచుకొను’ అనే రెండింటినీ పక్కపక్కన పెట్టండి. మొదటిది ఎవరికి వారు చేసేది, రెండోది ఎదుటివారి మీద చేసేది. ఆదికాండము 1:28లో రెండోది ఉంది, అదీ భూమి విషయంలో. సంఘంలో మనిషికీ మనిషికీ మధ్య చెప్పాల్సి వచ్చినప్పుడు వాడింది మొదటిదే. కాబట్టి ఈ ఆజ్ఞను ఎవరికి వారు తమకు చెప్పుకోవాలి. పక్కవారికి చదివి వినిపించే హక్కు ఇందులో ఎవరికీ ఇవ్వలేదు. తగవు వచ్చినప్పుడు జరిగేది మాత్రం అదే. పెద్దలు దీన్ని చిన్నల మీదికి విసురుతారు, భార్యలు భర్తలకు లోబడాలనే తరువాతి వచనాన్ని భర్తలు భార్యల మీదికి విసురుతారు. ఆ 22వ వచనానికి అతి ప్రాచీన ప్రతులు కొన్నింటిలో సొంత క్రియే లేదు. 21లోని క్రియనే అరువు తెచ్చుకోవాలి. పై వచనాన్ని పక్కన పెట్టి కిందిదాన్ని పట్టుకునేవారు ఈ సంగతి ఎందుకు చెప్పరో మరి.

మరొక సభ్యుడు:
చిన్న అభ్యంతరం. ‘ఒకనికొకడు’ అన్నంత మాత్రాన అది రెండు వైపులా వర్తించాలనే నియమం లేదు. ప్రకటన గ్రంథము 6:4లో ‘మనుష్యులు ఒకని ఒకడు చంపుకొనునట్లు’ అని ఉంది. చచ్చినవాడు లేచి తనను చంపినవాణ్ణి చంపడు కదా! ‘కొందరు కొందరిని’ అనే అక్కడ అర్థం. ఇక్కడా ‘తగినవారు తగినవారికి లోబడాలి’ అనే తీసుకోవచ్చు. ఇలా చెప్పే వ్యాఖ్యాతలు ఉన్నారు.

జవాబు:
ఉన్నారు, వాదనలో బలం కూడా ఉంది. చంపడం అనే క్రియ స్వభావమే అంత, తిరిగి చేయడానికి వీలుండదు. లోబడటానికి ఆ అడ్డు లేదు. పైగా 1 పేతురు 5:5 చూడండి. ‘చిన్నలారా, మీరు పెద్దలకు లోబడియుండుడి’ అని మొదట ఒక వైపే చెప్పి, వెంటనే ‘మీరందరు ఎదుటివానియెడల దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని’ అంటాడు. ఆ ‘అందరు’లోంచి పెద్దలు తప్పించుకోలేరు. ‘ధరించుకొని’ అన్నచోట ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధనలో ఈ ఒక్కచోటే వస్తుంది. దాసులు పనివేళ పైన ముడివేసి కట్టుకునే వస్త్రం పేరుకు అది దగ్గరి చుట్టం. యోహాను 13లో, చివరి భోజనం చేసిన గదిలో శిష్యుల కాళ్లు కడగడానికి యేసు నడుముకు కట్టుకున్న తువాలు గుర్తొచ్చే పేతురు ఆ మాట వేశాడేమో, నాకైతే అలాగే అనిపిస్తుంది.

‘ఒకేసారి ఎలా’ అన్న ప్రశ్నకు కూడా జవాబు ఆ గదిలోనే ఉంది. ‘మీరును ఒకరి పాదములను ఒకరు కడుగవలసినదే’ అన్నాడాయన. ఇద్దరు ఒకే క్షణంలో ఒకరి కాళ్లు ఒకరు కడగలేరు. ఒకరు వంగితే ఇంకొకరు కాళ్లు చాపి కూర్చోవాలి, తరువాత చోట్లు మారాలి. అదే భోజన సమయంలో తమలో ఎవరు గొప్ప అనే వివాదం శిష్యుల మధ్య పుట్టిందని లూకా 22:24 చెబుతోంది. అలాంటివారిలో మొదట వంగేది ఎవరు? బోధకుడే వంగాడు. పేతురుకు మింగుడుపడనిది వంగడం కాదు, కూర్చోవడం. ‘నీవెన్నడును నా పాదములు కడుగరాదు’ అన్నాడు. ఎప్పుడూ సేవ చేసే చేతిగానే ఉంటాను, ఎవరి సేవా తీసుకోను అనడంలోనూ కాస్త పెద్దరికం దాగి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది, ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. ఎవరూ ముందు వంగకపోతే? ఇద్దరూ ‘వాళ్లే రావాలి’ అని కూర్చుంటే?

జవాబు:
ఫిలిప్పీ సంఘంలో జరిగింది దాదాపు అదే. ‘ఒకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు’ అని ఆ సంఘానికి రాసిన పత్రిక (ఫిలిప్పీయులకు) 2:3లో చెప్పిన పౌలు, 4:2కి వచ్చేసరికి యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను పేరుపెట్టి పిలిచాడు. సంఘమంతా వినేలా చదివే ఉత్తరంలో! గ్రీకులో ‘బతిమాలుకొనుచున్నాను’ అనే క్రియ రెండుసార్లు ఉంది, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. తెలుగులో రెండు పేర్లకూ కలిపి ఒకటే వచ్చింది. ఎవరి పక్షమూ వహించలేదు, తగవు దేని గురించో కూడా చెప్పలేదు. తరువాతి వచనంలో మాత్రం మూడో మనిషిని పిలిచి, వాళ్లిద్దరికీ సాయం చేయమని అడిగాడు. ఆ మూడో మనిషి ఎవరన్నది వేరే పెద్ద చర్చ. కావాలంటే దానికి విడిగా ఒక ప్రశ్న పెట్టండి.