నెల్లాళ్లు మూసిన ఇల్లు: బాత్రూముల్లో డ్రైనేజీ కంపు, ఫ్రిజ్‌లో నీచు వాసన

టెక్కలి ఇల్లు:
టెక్కలిలో అమ్మావాళ్ల ఇల్లు నెల్లాళ్లుగా తాళం వేసి ఉంది. మధ్యలో కరెంటు పోయి ఫ్రిజ్‌లో చేపలు కుళ్లిపోయాయి. సబ్బుతో కడిగి, గిన్నెలో వంట సోడా పెట్టినా నీచు వాసన వదలట్లేదు. రెండు బాత్రూముల్లోనూ సెప్టిక్ ట్యాంకు కంపు. ఫినాయిల్ పోస్తే ఒక పూట ఆగి మళ్లీ వస్తోంది. ఏం చెయ్యాలండి?

గొట్టాల పని:
ముందు బాత్రూము చూడండి. ఫినాయిల్ కంపును కప్పుతుందే గానీ అది వచ్చే దారిని మూయదు. నేల జాలీ కింద నహానీ ట్రాప్ ఉంటుంది. అందులో 50 మిల్లీమీటర్ల దాకా నీళ్లు నిలిచి ఉండాలి. పైపులో గాలిని ఇంట్లోకి రానివ్వనిది ఆ నీళ్లే. ఇల్లు మూసేస్తే అవి ఆవిరైపోతాయి. ప్రతి జాలీలో అర బకెట్, వాష్‌బేసిన్‌లో రెండు చెంబులు పోసి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేసి ఒక పూట ఆగండి. చాలా ఇళ్లలో ఇంతటితో సరిపోతుంది.

తగ్గకపోతే జాలీ ఎత్తి టార్చి వేసి చూడండి. కొన్ని రకాల ట్రాపుల్లో లోపల బోర్లించిన కప్పు ఉంటుంది. వెంట్రుకలు పట్టి నీళ్లు దిగట్లేదని దాన్ని పీకి పారేస్తారు. కప్పు లేకపోతే చుట్టూ నీళ్లు నిలిచినా మధ్య గొట్టం నోరు తెరుచుకునే ఉంటుంది, కంపు ఆగదు. కప్పు కడిగి పెట్టండి, పోతే అదే సైజుది కొని వెయ్యండి. బేసిన్ కింది ప్లాస్టిక్ గొట్టాన్ని కూడా చూడాలి. నేల కన్నంలోకి ఊరికే దూర్చి వదిలేస్తే చుట్టూ సందులోంచి గాలి వస్తుంది. రబ్బరు కాలర్ వేయించండి.

ఏ జాలీయో తేలకపోతే, ప్లాస్టిక్ కవరులో నీళ్లు నింపి ముడేసి రాత్రికి ఒక జాలీ మీద పెట్టండి. రోజుకొకటి మార్చి చూస్తే తెలిసిపోతుంది. ఫ్లష్ చేసినప్పుడు జాలీలో బుడబుడమంటే మేడ మీది గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడాలి.

ఫ్రిజ్ మెకానిక్ పని:
చేప నీచుకి వంట సోడా పెద్దగా పనిచెయ్యదండి. ఆ వాసన క్షార గుణం ఉన్న పదార్థాలది, సోడా కూడా క్షారమే. దానికి పులుపు కావాలి. చేపలు కడిగేటప్పుడు చింతపండో నిమ్మకాయో రాసేది అందుకే. సోడా పులిసిన పాలు, పెరుగు వాసనకి పనికొస్తుంది.

ప్లగ్ తీసి, అరలన్నీ బయట పెట్టి, కప్పు వెనిగర్‌కి రెండు కప్పుల నీళ్లు కలిపి లోపలంతా తుడవండి. తలుపు రబ్బరు మడతల్లో పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అందరూ మరిచిపోయేది లోపల వెనక గోడ అడుగున ఉన్న చిన్న కన్నం. కరిగిన ఐసుతో చేప నీళ్లు అందులోంచి దిగి, వెనక కంప్రెసర్ మీది ట్రేలో నిలుస్తాయి. కన్నంలో అదే వెనిగర్ నీళ్లు కొద్దికొద్దిగా పోసి, ట్రే తీసి కడగండి. ఊడని మోడల్ అయితే గుడ్డతో ఎత్తండి. ఆ తర్వాత రెండు రోజులు తలుపు తెరిచి ఉంచాలి. పిల్లలుంటే తలుపు మూసుకుపోకుండా తాడుతో కట్టండి.

ఇంతా చేశాక కూడా వస్తుంటే నీళ్లు గోడ లోపలి ఫోమ్‌లోకి దిగి ఉంటాయి. దానికి ఇక కడుగుడు లేదు.

గొట్టాల పని:
వెనిగర్ గానీ బాత్రూమ్ యాసిడ్ గానీ బ్లీచింగ్ పౌడర్‌తో ఎక్కడా కలవకూడదు. క్లోరిన్ గ్యాసు వస్తుంది, మూసిన బాత్రూములో ప్రాణం మీదికి తెస్తుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇంట్లో యాసిడ్, బ్లీచింగ్ రెండూ తగ్గించండి, మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి.

టెక్కలి ఇల్లు:
ఒక జాలీలో కప్పు లేదండి. మళ్లీ తాళం వేసేటప్పుడు ఏం చెయ్యాలి?

గొట్టాల పని:
ట్రాపులు నిండా నీళ్లు పోసి, పైన రెండు చెంచాల నూనె వెయ్యండి, ఆవిరి ఆగుతుంది. చలికాలం కొబ్బరి నూనె పేరుకుంటుంది, వద్దు. రెండు మూడు నెలలు దాటేలా ఉంటే వంటనూనె ముక్కిపోతుంది, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్లగ్ తీసి, తలుపు కొంచెం తెరిచి వెళ్లండి.