అప్‌డేట్: బడ్ ఫాస్టర్ ఆఖరి హోమ్ మ్యాచ్‌కి వెళ్లొచ్చాను

అమెరికాలో వర్జీనియా టెక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ (ప్రత్యర్థికి పాయింట్లు రాకుండా ఆపే ఆటగాళ్లు) కోచ్ బడ్ ఫాస్టర్. హెడ్ కోచ్ కూడా కాని ఈ అసిస్టెంట్ రిటైరవుతుంటే ఆ కాలేజీ ఉన్న బ్లాక్స్‌బర్గ్ ఊరంతా ఎందుకింత దిగులు పడుతోంది, ఆయన కోసం టికెట్ కొనుక్కుని మరీ వెళ్లాలా అని 2019 ఆగస్టులో అడిగాను కదా. తప్పకుండా వెళ్లమన్న అందరికీ చాలా థ్యాంక్సండీ.

నవంబర్ 23న మా సొంత మైదానం లేన్ స్టేడియంలో పిట్స్‌బర్గ్ జట్టుకి ఒక్క పాయింటూ రాలేదు, 28-0తో గెలిచాం. డిఫెన్స్ కోచ్‌కి ఇంతకన్నా మంచి వీడ్కోలు ఏముంటుంది! వర్జీనియా టెక్ గెలుపు ఖాయమయ్యాక కూడా నా పక్కనున్న పెద్దాయన కూర్చోలేదు. ఆ సున్నా అలాగే నిలబడాలని ప్రతి ప్లేకీ గొంతు పోయేలా అరుస్తూనే ఉన్నారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆ లంచ్ డబ్బా. 1995లో ఫాస్టర్ డిఫెన్స్ బాధ్యత తీసుకున్నప్పటి నుంచీ ఆ డిఫెన్స్ ఆటగాళ్ల కష్టానికి అదే గుర్తు. మొదటిది ఒక బొగ్గుగని కార్మికుడిదట. మా నాన్న సింగరేణిలో చేశారు, ఆయన షిఫ్టుకి పట్టుకెళ్లిన డబ్బాకి అంచులన్నీ సొట్టలే. ఒళ్లొంచి పనిచేయడమంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫాస్టర్ 1987లో హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్‌తో ఈ కాలేజీకి వచ్చారు. 2015 సీజన్‌తో బీమర్ తప్పుకున్నా ఈయన ఉండిపోయారు. మొత్తం 33 సీజన్లు ఒకే కాలేజీలో! అసిస్టెంట్లు తరచూ ఊళ్లు మారే ఈ ఆటలో అది మామూలు విషయం కాదు.

డిసెంబర్ 31న సీజన్ చివర జరిగే బెల్క్ బౌల్ మ్యాచ్‌లో కెంటకీ చేతిలో 37-30తో ఓడిపోయాం, బాధేసింది. ఆ తర్వాత 2020 సీజన్‌కి డిఫెన్స్ జస్టిన్ హామిల్టన్ చేతికి వెళ్లింది. ఆయన కూడా ఇక్కడ ఆడినవారే. ఆ సీజన్‌కీ టికెట్ కొనాలని అప్పుడే అనుకున్నాను.