పెట్టె గోడ 5 మి.మీ. ఉంచితే డై చేసేవాళ్లు ఎందుకు వద్దంటున్నారు?

ప్రశ్న: నమస్కారమండి. చిన్న సెన్సర్ కోసం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె గీసుకున్నాను. త్రీడీ ప్రింటర్‌లో ఇరవై తీసి చూశాను, బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఐదు వేలు కావాలి. ఇంజెక్షన్ మోల్డింగ్, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి తోసి పీసులు తీసే పని చేసే ఆయన నా డ్రాయింగ్ చూసి మూడు మాటలన్నారు. 5 మి.మీ. గోడను 2.5కి తగ్గించాలట. నిట్టనిలువు గోడలకు కాస్త వాలు ఇవ్వాలట. మూత పట్టే లోపలి కొక్కెం ఇలాగే ఉంటే డై, అంటే ఆ లోహపు అచ్చు, ఖర్చు పెరుగుతుందట. మందంగా ఉంటేనే కదా గట్టిగా ఉండేది? ఆయన పని తేలిక చేసుకోవడానికి చెబుతున్నారా? అసలు డై మీద అంత పెట్టడం దండగా?

జవాబు 1: ఆయన చెప్పింది మీ మంచికేనండి. మిషన్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. ప్లాస్టిక్ గింజలు గరాటులాంటి హాపర్‌లోంచి వేడి బ్యారెల్ (గొట్టం)లోకి జారతాయి. లోపల స్క్రూ తిరుగుతూ వాటిని నలిపి, కరిగించి ముందుకు చేరుస్తుంది. ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్ అయితే 220 నుంచి 250 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. సరిపడా చేరాక అదే స్క్రూ సిరంజిలో ప్లంజర్‌లా ముందుకు తోస్తుంది. మూసి ఉన్న డైలోకి ప్లాస్టిక్ వందల బార్ల ఒత్తిడితో దూరుతుంది. మీ పెట్టెలాంటివి నిండటం ఒకటి రెండు సెకన్ల పనే. అసలు సమయమంతా చల్లారడానికే. డైలో తిరిగే నీళ్లు వేడిని లాగేశాక డై తెరుచుకుంటుంది, పిన్నులు పీసును బయటికి నెడతాయి.

చల్లారే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. అంటే గోడ రెట్టింపైతే సమయం సుమారు నాలుగింతలు. 2.5 మి.మీ. గోడకు 10 సెకన్లు అనుకుందాం, 5కి 40 అవుతాయి. ఐదు వేల పీసుల మీద ఆ అదనపు 30 సెకన్లు లెక్క కట్టండి: దాదాపు 42 గంటలు మిషన్ ఊరికే కాచుకుని ఉంటుంది. ఆ అద్దె మీరే కట్టాలి.

పోనీ కట్టారనుకోండి, పెట్టె బాగా వస్తుందా అంటే అదీ లేదు. పైపొర ముందు గట్టిపడుతుంది, లోపలిది తర్వాత చల్లారుతూ కుంచించుకుని పైపొరను లోపలికి లాగుతుంది. నా మొదటి పెట్టెలో స్క్రూ బిగించే గుబ్బను నిండు కడ్డీలా గీశాను. దానికి సరిగ్గా వెనక, బయటి వైపు, బొటనవేలితో నొక్కినట్టు సొట్ట పడింది. నల్లరంగు, పైగా నున్నటి పాలిష్. ట్యూబ్‌లైట్ కింద పెడితే ఆ సొట్ట తప్ప ఇంకేమీ కనిపించేది కాదు! తర్వాత డైలో పిన్ను వేయించి గుబ్బను బోలుగా చేశాక పోయింది. గట్టిదనం కావాలంటే గోడ పలచగానే ఉంచి లోపల రిబ్బులు (గోడకు ఆసరాగా సన్నటి పట్టీలు) ఇవ్వండి, రిబ్బు మందం గోడలో సగం, మహా అయితే 60 శాతం.

వాలు సంగతి సులభం. ప్లాస్టిక్ కుంచించుకుంటూ కోర్‌ను, అంటే పెట్టె లోపలి ఆకారాన్నిచ్చే డై భాగాన్ని, బిగించి పట్టుకుంటుంది. వాలున్న గ్లాసులు ఒకదాంట్లోంచి ఒకటి ఇట్టే వస్తాయి, గోడలు నిలువుగా ఉంటే పెనుగులాటే. నున్నటి గోడకు 1 నుంచి 2 డిగ్రీలు చాలు. గరుకు టెక్స్చర్ పెడితే ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

ప్రశ్న: సరే, గోడలు మారుస్తాను. కానీ కొక్కెం తీసేస్తే మూత ఎలా నిలుస్తుంది?

జవాబు 2: తీయక్కర్లేదు. డై నేరుగా తెరుచుకుంటుంది కాబట్టి అడ్డంగా పొడుచుకొచ్చింది ఏదైనా అందులో ఇరుక్కుంటుంది. దాన్ని తప్పించడానికి పక్కకు జరిగే స్లైడర్ పెడతారు, ఖర్చు పెరిగేది అందుకే. కొక్కేనికి సరిగ్గా కింద, అడుగున ఒక రంధ్రం వదలండి. ఆ దారిలో డై ఉక్కే పైకి వచ్చి కొక్కెం కింది భాగాన్ని తీర్చేస్తుంది, స్లైడర్ అవసరం ఉండదు. నీళ్లు తగిలే చోట వాడేదైతే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

ఇంకో మాట. కొక్కెం బిగువు మొదటి శాంపిల్‌లో కావాలనే కొంచెం వదులుగా ఉంచమనండి. ఉక్కు కొద్దిగా కోస్తే ప్లాస్టిక్ పెరుగుతుంది, బిగువు వస్తుంది. ఎక్కువ కోసేశాక మళ్లీ ఉక్కు కలపాలంటే వెల్డింగే గతి.

జవాబు 3: డై దండగా అన్నారు కదా. రెండొందలే అయితే నేను ప్రింటర్‌తోనే కానిచ్చేయమనేవాణ్ని. డిజైన్ ఇంకా మారేటట్టుంటే ఐదు వేలైనా ఆగమంటాను, లేదా అల్యూమినియం డైతో మొదలుపెట్టమంటాను. డిజైన్ కుదిరిపోతే మాత్రం ఇదే దారి. ఖర్చంతా ముందే పడుతుంది, ఆ తర్వాత ఒక్కో పీసు చవక. మొదటిదీ ఐదు వేలోదీ దాదాపు ఒకే కొలతలో వస్తాయి. రంగు ప్లాస్టిక్‌లోనే ఉంటుంది కాబట్టి గీత పడ్డా లోపల తెల్లగా బయటపడదు. ప్రింట్‌లో లాగా పొరలు విడిపోవు.

డై కోయకముందే ప్లాస్టిక్ ఏదో తేల్చుకోండి. ఏబీఎస్ అర శాతం చుట్టుపక్కల కుంచించుకుంటుంది, పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం దాకా. తర్వాత మనసు మార్చుకుంటే అదే డైలో మూత పట్టదు. ఏబీఎస్ గింజల్ని పోసే ముందు 80 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెడతారా అని కూడా అడగండి. తేమ ఉంటే పీసు మీద వెండి చారలొస్తాయి. డై ఎవరి సొంతమో కాగితం మీద రాయించుకోవడం మరిచిపోకండి, దీని మీద గొడవలు చాలా చూశాను.

ప్రశ్న: అందరికీ థాంక్సండి. ఇంట్లో ఒక డబ్బా మూత తిరగేసి చూస్తే మధ్యలో బొడ్డులాంటి మచ్చ కనిపించింది. నా పెట్టెకూ వస్తుందా?

జవాబు 1: వస్తుంది, అది గేటు మచ్చ. ప్లాస్టిక్ లోపలికి వచ్చిన చోటు. మీ పెట్టెకు లేబుల్ అంటించే జాగా ఉందిగా, గేటు అక్కడ పెట్టమనండి. గేటు దగ్గర మిగిలే తునక పైకి పొడుచుకుని లేబుల్ ఉబ్బకుండా ఆ చోట అర మిల్లీమీటరు పల్లం చేయించండి.