బడి పిల్లల్లో తక్కువ బరువు శాతం ఎలా తీయాలి? లెక్క కుదరడం లేదు

దేవరకొండ టీచర్:
పొద్దున్నుంచి ఎక్సెల్ ముందే కూర్చున్నాను. మా బడిలో, పక్క తండాల బడుల్లో పిల్లల ఎత్తు, బరువు తీసుకున్నాం. బీఎంఐ (కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది) వేస్తే దాదాపు అందరూ తక్కువ బరువే అని వస్తోంది! నాలుగో తరగతిలో కబడ్డీ ఆడే గట్టి పిల్ల కూడా అందులోనే ఉంది. ఫార్ములా మళ్లీ మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది. రేపు హెడ్మాస్టర్ గారికి శాతం ఇవ్వాలి. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

పాలమూరు అన్న:
వయసెంత? కటాఫ్ ఎంత పెట్టారు?

దేవరకొండ టీచర్:
ఒకటి నుంచి ఏడో తరగతి దాకా. కటాఫ్ 18.5, అందరూ పెట్టేదే కదా.

పాలమూరు అన్న:
అది పెద్దవాళ్లది. తీసేయండి.

నల్గొండ రిటైర్డ్ సారు:
బరువు సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి అడగండి. నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారంటే ఇక్కడ ఎంత బాధ పడ్డామో అర్థం చేసుకోండి. మర్రిగూడ వైపు ఆ నీళ్లు తాగి కాళ్లు వంగిపోయిన పిల్లలను నా కళ్లతో చూశాను. అలాంటి పిల్లను గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు తక్కువ వస్తుంది, బీఎంఐ ఎక్కువ వస్తుంది. బక్కపిల్ల కూడా బాగున్నట్టే కాగితం మీద కనబడుతుంది. వాళ్ల పేర్ల పక్కన తప్పకుండా గుర్తు పెట్టండి.

హెల్త్ సూపర్‌వైజర్ మేడమ్:
సారు చెప్పింది నిజమే కానీ టీచర్ గారి చిక్కు అది కాదు. పిల్లల బీఎంఐ వయసుతో మారుతుంది. డబ్ల్యూహెచ్ఓ 2007 పట్టిక ప్రకారం ఎనిమిదేళ్లు నిండిన మగపిల్లాడికి మధ్య విలువ 15.7, మైనస్ 2 ఎస్డీ (మధ్య విలువకు రెండు ప్రామాణిక విచలనాల కింద ఉండే గీత) 13.3. అంతకన్నా తక్కువుంటేనే బక్కతనం కింద లెక్క. మైనస్ 3 కన్నా తక్కువైతే తీవ్రం. ఆ వయసులో 18.5 ఉంటే అధిక బరువు కింద పోతాడు! మీరు ఆ గీత పెట్టి కొలిస్తే అందరూ కిందే ఉంటారు మరి. ఆంత్రోప్లస్ అని డబ్ల్యూహెచ్ఓ వాళ్ల ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పుట్టిన తేదీ, కొలిచిన తేదీ, ఆడ, మగ ఇస్తే అదే లెక్క కడుతుంది. తేదీలు ఒకసారి చూసుకోండి. మన బడుల్లో చేర్పించేటప్పుడు వేసిన జూన్ పుట్టినరోజులే చాలా ఉంటాయి. వీలైతే అంగన్‌వాడీ రిజిస్టర్‌తో పోల్చండి.

మిర్యాలగూడ తమ్ముడు:
అడిగింది తక్కువ బరువు, మీరు చెప్పేది బక్కతనం. రెండూ వేరు కదా మేడమ్? అయినా మన పిల్లలకు మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం (ఐఏపీ) 2015 చార్టులు ఉండగా డబ్ల్యూహెచ్ఓ ఎందుకు?

హెల్త్ సూపర్‌వైజర్ మేడమ్:
వేరే తమ్ముడూ. వయసుకు బరువు తక్కువైతే తక్కువ బరువు, వయసుకు బీఎంఐ తక్కువైతే బక్కతనం. వయసుకు తగ్గ బరువు చూసే డబ్ల్యూహెచ్ఓ పట్టిక పదేళ్ల వరకే ఉంది. ఆ తర్వాత ఒకరు ముందు ఎదుగుతారు, ఒకరు వెనక, కాబట్టి బరువొక్కటే చూస్తే ఏమీ తేలదు. టీచర్ గారి దగ్గర ఏడో తరగతి వాళ్లూ ఉన్నారు, అందుకే బీఎంఐ అన్నాను. ఐఏపీ వాడినా తప్పు లేదు, కానీ ఏది వాడారో పైన రాయాలి, రెండూ కలపొద్దు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ల వాళ్లలో 23 శాతం, 10-19 ఏళ్ల వాళ్లలో 24 శాతం బక్కతనం అన్నారు. దాంతో పోల్చాలంటే డబ్ల్యూహెచ్ఓనే వాడండి.

మిర్యాలగూడ తమ్ముడు:
మన తెలంగాణలో తక్కువ బరువు 31.8 శాతం అని చదివాను మరి?

పాలమూరు అన్న:
అది ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదేళ్ల లోపు వాళ్లది. దీనికి సంబంధం లేదు.
టీచర్ గారూ, కొలిచిన రోజు రాని పిల్లల సంగతేంది? మా దిక్కు తల్లిదండ్రుల వెంట వలస పోయిన పిల్లలు రిజిస్టర్‌లో ఉంటారు, బెంచీ మీద ఉండరు. తిండికి ఎక్కువ ఇబ్బంది పడేది ఆ ఇళ్లలోనే. వాళ్లను వదిలేసి తీసిన శాతం బడి మొత్తానిది కాదు. ఎంతమంది రాలేదో కూడా రాయండి.

దేవరకొండ టీచర్:
పట్టిక మార్చాక శాతం బాగా దిగింది. కబడ్డీ పిల్ల ఇప్పుడు మామూలులోకి వచ్చింది. రానివాళ్ల లిస్టు విడిగా పెడుతున్నా. థాంక్స్ మేడమ్, అన్నా.

మిర్యాలగూడ తమ్ముడు:
బరువు ఏ మిషన్‌తో తీశారు సార్? మా బడిలో ముల్లు మిషన్ ఒక్కటే ఉంది, ఎవరూ ఎక్కకముందే కిలో చూపిస్తోంది. దాంతో నడుస్తుందా?