పాత కన్సోళ్లకు చవక కన్వర్టర్ చాలదా? స్కేలర్ తప్పదా?

జాయ్‌స్టిక్_జానీ: ఒకే 4కే టీవీ. హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు, ఏవీ పోర్టు లేదు, ఒకటి సౌండ్‌బార్‌కే పోతుంది. పీఎస్5, నింటెండో స్విచ్, పీఎస్2, పాత క్యాసెట్ల గేమ్ నాలుగూ పెట్టాలి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల చిన్న కన్వర్టర్ సరిపోతుందా, పాత బొమ్మని కొత్త టీవీకి తగ్గట్టు పెంచి ఇచ్చే స్కేలర్ డబ్బా మీద అంత డబ్బు పోయాలా?

వైర్ల_వీరయ్య: కన్వర్టర్ చాలు. బటన్లు నొక్కే ఏవీ సెలెక్టర్ ముందు పెడితే పాతవి రెండూ దాంట్లోకే వస్తాయి. పవర్ మాత్రం ఫోన్ ఛార్జర్ నుంచి ఇవ్వండి, టీవీ యూఎస్‌బీ కొన్నిసార్లు చాలదు, బొమ్మ పోతూ వస్తూ ఉంటుంది. సాగదీసినట్టు కనిపిస్తే టీవీలో 4:3 పెట్టండి.

240పీ_పంతులు: వీరయ్య గారూ, బొమ్మ రావడం వేరు, ఆట ఆడగలగడం వేరు. క్యాసెట్ గేమ్ పంపేది 240పీ, అంటే ఒక్కో ఫ్రేములో 240 గీతలు. పాల్ (పాత టీవీ పద్ధతుల్లో ఒకటి) మిషన్ అయితే 288పీ. ప్రతి ఫ్రేమూ పూర్తి ఫ్రేమే. చవక కన్వర్టర్లు చాలావరకు దాన్ని 480ఐ (సగం గీతల చొప్పున రెండు విడతలుగా వచ్చే బొమ్మ) అనుకుని రెండేసి ఫ్రేముల్ని కలిపేస్తాయి. దెబ్బ తగిలినప్పుడు మిణుకుమనాల్సిన హీరో చారలు చారలుగా కనిపిస్తాడు, లేదా మాయమైపోతాడు. ఆ కలపడానికి పట్టే టైము వల్ల బటన్ నొక్కాక గెంతు ఆలస్యమవుతుంది కూడా.

వైర్ల_వీరయ్య: పీఎస్2 ఆటలు ఎక్కువ శాతం 480ఐయే కదండీ. అక్కడ మీ వాదన నిలవదు.

240పీ_పంతులు: నిలవదు, ఒప్పుకుంటా. పీఎస్2కి అసలు శత్రువు పసుపు తీగ. వెలుగూ రంగూ ఒకే తీగలో వస్తాయి కాబట్టి అంచులు చెదురుతాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నుల కాంపొనెంట్ కేబుల్ కొనండి. పాత కేబుల్ తీసేముందే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో కాంపొనెంట్ వీడియో అవుట్‌ని ఆర్‌జీబీ నుంచి రెండో ఆప్షన్‌కి మార్చండి, లేకపోతే రంగులన్నీ తప్పుగా వస్తాయి. ఇంకోటి, స్కేలర్ కొంటే, ఓఎస్‌ఎస్‌సీ అనే దాని పాత మోడల్‌కి కాంపోజిట్ (పసుపు తీగ) ఇన్‌పుట్టే లేదు, క్యాసెట్ గేమ్ దానికి తగలదు. రెట్రోటింక్ 5ఎక్స్ ప్రో అనే స్కేలర్ కాంపోజిట్, కాంపొనెంట్ రెండూ తీసుకుంటుంది.

హెచ్‌డీఎంఐ_హేమ: మీ ఇద్దరి గొడవలో పీఎస్5ని మరిచిపోయారు. దాన్ని నేరుగా టీవీ హెచ్‌డీఎంఐ 2.1 పోర్టుకే పెట్టండి జానీ గారూ. హెచ్‌డీఎంఐ 2.0 స్విచ్చర్ (ఒకే పోర్టుకి చాలా మిషన్లు కలిపే డబ్బా) మధ్యలో ఉంటే సెకనుకి 18 గిగాబిట్లే, 4కే 120 హెర్ట్జ్ రాదు. మిగిలిన పోర్టుకి చవక స్విచ్చర్ పెట్టి నింటెండో స్విచ్, కన్వర్టర్ (స్కేలర్ కొంటే అదే) అందులో వేయండి. 1080పీకి అది చాలు. ఆటోమేటిక్ రకం వద్దు. స్టాండ్‌బైలో ఉన్న మిషన్ 5 వోల్టులు వదులుతుంటే అది దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ చాలా టీవీల్లో ఒక్కో పోర్టుకి విడిగా ఆన్ చేయాలి.

జాయ్‌స్టిక్_జానీ: క్యాసెట్ గేమ్ తుపాకీ పనిచేస్తుందా? బాతుల ఆటకి?

240పీ_పంతులు: చేయదు, స్కేలర్ కొన్నా సరే. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి బాతు చోట తెల్ల గడి మెరుస్తుంది, తుపాకీ ఆ వెలుగును ఆ ఫ్రేములోనే చూడాలి. ఎల్‌సీడీలో అది ఆలస్యంగా వెలుగుతుంది, గురి ఎంత సరిగ్గా ఉన్నా తప్పినట్టే లెక్క. దానికి పిక్చర్ ట్యూబ్ టీవీయే కావాలి.

వైర్ల_వీరయ్య: ట్యూబ్ టీవీ దొరికితే క్యాసెట్ గేమ్ మొత్తం దానికే పెట్టేయొచ్చు. ఇక మీ స్కేలర్ ఎందుకండీ పంతులు గారూ?