మిస్ అమెరికా వేదిక మీద మారినదేమిటి?

ప్రశ్న:
వనెస్సా విలియమ్స్ పాత నగ్నచిత్రాలను ఆమె అనుమతి లేకుండా పెంట్‌హౌస్ పత్రిక ప్రచురించబోతున్నదని తెలిసి, 1984 జూలైలో నిర్వాహకులు ఆమె చేత మిస్ అమెరికా కిరీటం వదిలింపజేశారు. 2015లో ఆమెను అదే పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచి, వేదిక మీద అందరి ఎదుట క్షమాపణ చెప్పారు. ఈ రెండు సంఘటనల నడుమ కాలంలో అమెరికన్ల దృష్టిలో మారినది లైంగికత పట్ల సంకోచమా, అందం కొలతా?

జవాబు 1:
దేహప్రదర్శన వారికి ఎన్నడూ అభ్యంతరం కాలేదండీ. 1934 నుంచి 1968 దాకా హాలీవుడ్ సినిమాల నియమావళి తెర మీద భార్యాభర్తలను కూడా వేర్వేరు మంచాల మీద పడుకోబెట్టిన కాలంలోనే, ఈ పోటీలో అమ్మాయిలు ఈతదుస్తుల్లో నడుస్తుంటే మార్కులు వేసేవారు. తాము నడిపిస్తే గౌరవం, ఆమె ఫొటో బయటపడితే అప్రతిష్ఠ! 1984లో సిగ్గుపడవలసింది ఆమె అన్నారు. ఇప్పుడు అలాంటి ఫొటోలు అనుమతి లేకుండా బయటపెట్టినవాడిని తప్పుపట్టేవారు పెరిగారు. నాకు కనిపించే అసలు మార్పు ఇదే.

జవాబు 2:
రంగు సంగతి మరచిపోకూడదు. పోటీదారులు శ్వేతజాతివారై ఉండాలని ఒకప్పుడు నిబంధనల్లోనే రాసుకున్నారు. ఆ కిరీటం గెలిచిన తొలి నల్లజాతి యువతి విలియమ్స్. 2013లో విజయవాడ మూలాలున్న నీనా దావులూరి గెలిచిన రాత్రి ట్విట్టర్‌లో ఆమెను అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ తిట్టినవారున్నారు. అయితే మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న మా పిన్ని, "పిల్ల కళగా ఉంది గానీ, కాస్త చామనఛాయ" అన్నది. ఆ ఛాయతో మన దేశంలో అందాల పోటీ గెలవగలిగేదా అని అప్పుడు చాలామంది అడిగారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

జవాబు 3:
ఈ మార్పును నిర్వాహకులు తమంతట తాము తెచ్చినట్టు చెప్పుకోవడం న్యాయం కాదు. 1968 సెప్టెంబరులో అట్లాంటిక్ సిటీలో పోటీ జరిగే భవనం బయట, సముద్రపు ఒడ్డున, స్త్రీవాదులు ఒక చెత్తడబ్బా పెట్టి ఎత్తుమడమల చెప్పులు, నడుమును బిగించే లోదుస్తులు, కృత్రిమ కనురెప్పల వెంట్రుకలు అందులో పడేశారు. వాళ్ళు లోదుస్తులు తగలబెట్టారన్న ప్రచారం నేటికీ ఉంది గానీ, అక్కడ మంట పెట్టలేదు. సరిగ్గా యాభై ఏళ్ళకు, మీటూ ఉద్యమం తరువాత, 1989 విజేత గ్రెచెన్ కార్ల్‌సన్ నాయకత్వంలో ఈతదుస్తుల అంకాన్ని రద్దు చేసి, 2018 సెప్టెంబరులో అదే ఊళ్ళో పోటీ జరిపారు.